గడప దాటించే పని

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు నన్ను వచ్చి అడిగారు. "అక్కా, దీనికి కోర్సు ఏదన్నా ఉందా? ఏం చదవాల?" అని. నాకు తెలిసిన కోర్సు ఏదీ లేదు. నేను బడి మొహం చూసినదాన్ని కాను. మా నాయన మార్కాపురంలో పలకల గనిలో పనిచేసేవాడు. అంచు విరిగి అమ్మకానికి పనికిరాని పలకలు ఇంటికి తెచ్చి వాటి మీద నాకు అక్షరాలు దిద్దించాడు. ఇంట్లో ఉన్న పుస్తకం బైబిలు ఒక్కటే, కాబట్టి చదవడం అందులోనే నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు మా పాస్టరమ్మగారు చెప్పారు. దేవుడు నాకు ఇచ్చిన పంతుళ్లు ఆ ఇద్దరే. అంతకంటే మంచి పంతుళ్లు దొరికేవాళ్లని నేను అనుకోను.

నా పని ఏమిటో ముందు చెబుతాను. మార్కాపురంలో ఒక గృహోపకరణాల దుకాణంలో చాలా ఏళ్లు మిక్సీలు, వాషింగ్ మిషన్లు ఎలా వాడాలో ఇళ్లకు వెళ్లి చూపించేదాన్ని. చివరి ఆరేళ్లూ ఇల్లు ఊడ్చి తుడిచే రోబోలకు ఇంట్లో దారి గీయించాను. ఇటు గిద్దలూరు, కంభం, అటు వెలిగండ్ల, దోర్నాల దాకా ఎక్కడ ఎవరు కొన్నా నేనే వెళ్లేదాన్ని. కొన్నవాళ్లలో చాలామందికి ఫోన్లో అంకెలు నొక్కడం తప్ప ఇంకేమీ రాదు. వాళ్ల చేత వాళ్ల ఇంటి పటం గీయించి, ఏ గది ముందు, ఏ గది వెనక, ఎక్కడికి పోకూడదు అన్నది వాళ్ల వేళ్లతోనే పెట్టించడం నా ఉద్యోగం.

ఇది ఫోను పని అని అందరూ అనుకుంటారు. కాదు, నేల పని. ఆ నేల మీద నడిచే మనుషుల పని. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది, అది కూడా ఇంకొకరి ఖర్చు మీద తెలిసింది. ఇది రాయడానికి కారణం అదే.

మిషనుకు కనపడేది

ఈ రోబో మిషను అట్లపెనం కంటే కాస్త పెద్దది, గుండ్రటిది. దాన్ని నేల మీద వదిలితే ఇల్లంతా తిరిగి, గోడలు ఎక్కడున్నాయో చూసుకుని, ఫోన్లో పటం వేస్తుంది. తర్వాత మనం ఆ పటంలో గదులకు పేర్లు పెట్టాలి. పోకూడని చోట ఎర్ర గీత గీయాలి. వరుస చెప్పాలి. అంతే.

మాకు దీన్ని వీడియోలో నేర్పారు. ఆ వీడియోలో ఉన్న ఇల్లు చూసి నాకు నవ్వొచ్చింది. మంచాల కింద ట్రంకు పెట్టెలు లేవు, మూలన ఉల్లిగడ్డల గంప లేదు, ఏ గదికీ గడప లేదు. అలాంటి ఇల్లు నేను ఆ ఆరేళ్లలో ఒక్కటి కూడా చూడలేదు.

మొదట్లో నేను చేసిన తప్పులు చిన్నవి. వెలిగండ్ల దగ్గర ఒక రైతు ఇంట్లో వేసవిలో పటం గీయించి వచ్చాను. వేరుశనగ ఇంటికొచ్చాక వాళ్లు నడిమింట్లో కాయలు ఆరబోశారు. మిషను ఆ కుప్పలోకి పోయి, కాయలు మింగి, గొంతుకు అడ్డంపడి ఆగిపోయింది. ఆ రైతు ఫోన్ చేసి, "అమ్మా, నీ మిషనుకు శనిక్కాయలు బాగా రుచించినయి, మిగిలినయి కూడా పెట్టమంటావా?" అన్నాడు. ఇల్లు ఏడాది పొడుగునా ఒకేలా ఉండదని ఆయన పుణ్యాన నేర్చుకున్నాను. అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్లినా పంటలు ఎప్పుడు వస్తాయి, ఎక్కడ పోస్తారు అని అడిగేదాన్ని.

మార్కాపురంలో ఒక పెద్ద పంతులుగారు ఉండేవారు. ఫోన్లో గదులకు లివింగ్ రూము, డైనింగ్ రూము అని పేర్లు ఉంటాయి. ఆయన పది రోజులు ఆ పేర్లతో కుస్తీ పట్టి, నన్ను పిలిచి, "రూతమ్మా, మా ఇంట్లో డైనింగ్ రూము ఎక్కడుందో కాస్త చూపించి పో, నేనెప్పుడూ చూళ్లేదు" అన్నారు. పేర్లన్నీ చెరిపి వసారా, నడిమిల్లు, అమ్మ గది అని రాయించాను. ఆ రోజు నుంచి ఆయన ఇంకెవరినీ సాయం అడగలేదు. వాళ్లు పిలుచుకునే పేరు పెట్టండి. సగం భయం అక్కడే పోతుంది.

మా ఓనరు

మా ఓనరు చెడ్డవాడు కాదు. ఆయన పుణ్యాన నా ఇల్లు గడిచింది, ఆ కృతజ్ఞత నాకు ఉంది. కానీ ఆయన చెప్పిన మాట ఒకటి నన్ను పాడు చేసింది. "నువ్వు పటం చూడు, ఇంటిని చూడబాక. ఇంట్లో సంగతులు మనకెందుకు? గంటలో బయటపడాల" అనేవాడు. పటంలో గోడలు ఉంటాయి, మంచాల కాళ్లు ఉంటాయి. మనుషులు ఉండరు. మనిషి అడ్డంగా నిలబడితే మిషను కాసేపు చుక్కగా చూపించి, ఆ మనిషి కదలగానే చెరిపేస్తుంది. ఆ లెక్కలోనే నేను కూడా కొన్నేళ్లు పనిచేశాను.

గిద్దలూరు ఇల్లు

గిద్దలూరులో ఎరువుల వ్యాపారం చేసే ఒకాయన ఇంటికి మిషను అమ్మారు. ఆయన భార్య పద్మావతమ్మ. నడుము నొప్పి మనిషి, ఇల్లు అద్దంలా ఉంచుకునే మనిషి. ఆ ఇల్లు ఊడ్చి తుడిచేది ఎస్తేరమ్మ. పదకొండేళ్లుగా అదే ఇంట్లో చేస్తోంది. ఆ వీధిలోనే ఇంకో రెండిళ్ల పని కూడా ఆమెదే. వయసు యాభై దాటింది. మోకాళ్లు అరిగిపోయి కూర్చుని లేవలేదు, కాబట్టి మిరప కోతలకు, కలుపులకు పోలేదు. పొడుగు చీపురు, కర్రకు కట్టిన గుడ్డ ఉంటే నిలబడి పని చేసుకోగలదు. ఆమెకు మిగిలిన బతుకు ఆ మూడిళ్లే.

నేను ఇంట్లోకి వెళ్లగానే నా నుదుట బొట్టు, మెడలో ఏమీ లేకపోవడం చూసి, "వందనాలు అక్కా, మనోళ్లేనా?" అంది.

"మనోళ్లమే చెల్లే, మార్కాపురం" అన్నాను.

పద్మావతమ్మ ఫోను పట్టుకుని తికమక పడుతుంటే, ఇల్లు ఎలా ఉందో నాకు నడిచి చూపించింది ఎస్తేరమ్మ. "అక్కా, ఈడ బండ కింద గుంట ఉంది, నీళ్లు నిలుస్తాయి. తడి గుడ్డ ఈడ వద్దు. ఈ ఉయ్యాల బల్ల కింద ఎంటికలు చేరతాయి, దీన్ని రెండుసార్లు పొమ్మను. వంటిల్లు సార్ టిఫిను తిన్నంక. ముందు చేస్తే మళ్ళా చేయాల్సిందే." దేవుడి గది దగ్గరికి వచ్చేసరికి ఆగింది. "లోపల నాకు తెల్దక్కా. నేను గడప ఈవల్దాకే."

నేను కూడా గడప ఇవతలే నిలబడి, మిషనును లోపలికి పంపించి పటం గీయించాను. పద్మావతమ్మ నవ్వుతూ, "మిషనుకు కులమేంది, మతమేంది" అంది. ఎస్తేరమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వాను.

ఎస్తేరమ్మ చెప్పినవన్నీ వరుసగా ఫోన్లోకి ఎక్కించాను. నేను పెట్టిన దారులన్నిటిలో అంత మంచి దారి ఇంకొకటి లేదు. గడపల దగ్గర మిషను ఎక్కి దిగడానికి చిన్న చెక్కలు వేసి, గంటలో బయటపడ్డాను.

ఎత్తడం

శుక్రవారం ఫోన్ వచ్చింది. "ఏందమ్మా రూతమ్మా, మా ఇంటికి పెండ్లి చేస్తన్నావా?" అంది పద్మావతమ్మ. పొద్దున్నే గడపలకు పసుపు రాసింది. తడి ఆరకముందే మిషను గడపలు ఎక్కి దిగింది. తెల్లటి నేల మీద ఇల్లంతా రెండేసి పచ్చ గీతలు.

శుక్రవారం వేళ మార్చండి, ఆరాక పంపండి అని చెప్పాను. సరే అంది. ఆ తర్వాత వారం నుంచి అసలు తంటా మొదలైంది. మిషను వంటింట్లో గిరగిరా తిరుగుతోంది, గోడను గుద్దుతోంది, పటంలో లేని గోడలు పుడుతున్నాయి. నేను ఫోన్లోనే పటం చెరిపించి మళ్లీ గీయించాను. అలా మూడుసార్లు. ప్రతిసారీ అడిగాను, "అమ్మా, ఎవరైనా మిషన్ని కదిలిస్తున్నారా?" అని.

"ఎవురూ తాకడం లేదు. ఎస్తేరేమన్నా చేస్తాందేమో. దానికి మిషనంటే కడుపుమంట."

ఈ మాట నేను మా ఓనరుకు అలాగే చెప్పాను. "పనిమనిషి కదిలిస్తున్నట్టుంది సార్" అన్నాను. ఆయన పద్మావతమ్మ భర్తకు ఫోన్ చేసి అదే చెప్పాడు. నా నోట్లో నుంచి పోయిన మాట తిరిగి ఆ ఇంటికే పోయి, దుకాణం వాళ్లే చెప్పారన్న బలంతో ఎస్తేరమ్మ మీద పడింది.

నాలుగోసారి బస్సెక్కి వెళ్లాను. హాల్లో కూర్చుని చూస్తున్నాను. మిషను హాలు ముగించి వంటింటి గడప దగ్గరికి వచ్చింది. పద్మావతమ్మ నడుము పట్టుకుంటూ లేచి, రెండు చేతులతో దాన్ని ఎత్తి, గడప దాటించి, అవతల మెల్లగా దించింది. చేసినట్టు కూడా ఆమెకు గుర్తు లేదు.

"అమ్మా, మీరే ఎత్తుతున్నారు కదా!"

"ఎత్తకుంటే ఎట్లమ్మా? లక్ష్మి ఉండే చోటు. గడప మీద చక్రాలు పెట్టిస్తామా?"

ఆమె దృష్టిలో అది కదిలించడం కాదు. మనం పసిబిడ్డను గడప దాటించినట్టు దాటించడం. మిషనుకు మాత్రం ఎత్తితే కళ్లు పోతాయి. దించాక కూడా హాల్లోనే ఉన్నాననుకుంటుంది. సోఫా ఉండాల్సిన చోట గ్యాసు బండ తగిలితే, కొత్త గోడ లేచిందని పటంలో రాసుకుంటుంది. నేను అడగాల్సిన ప్రశ్న, గడపకు మీరు ఏం చేస్తారు అని. మా ఇంట్లో గడప ఉత్త చెక్క. కాబట్టి నాకు ఆ ప్రశ్న తోచలేదు.

ఆ రోజు నేను ఇంకో మాట అనాల్సింది. "అమ్మా, అనవసరంగా ఎస్తేరమ్మను అన్నాం" అని. వాకిట్లో ఆమె గుడ్డ పిండుతోంది, వినపడేంత దూరంలోనే ఉంది. కొన్నవాళ్ల తప్పు కొన్నవాళ్ల మొహాన చెప్పకూడదని మా దుకాణం పద్ధతి. పద్ధతి పాటించాను.

పద్మావతమ్మ గడప మీద చక్రాలు పెట్టనివ్వదు. నేను తల పట్టుకుని కూర్చుంటే ఎస్తేరమ్మే వచ్చి అడిగింది, "అక్కా, అది యా గదిలో ఉంటే ఆ గదే ఇల్లనుకోమంటే అనుకోదా?"

మేడ మీద మేడ ఉన్నవాళ్ల కోసం ఆ ఫోన్లో నాలుగు అంతస్తుల పటాలు దాచుకునే వీలు ఉంది. ఒకే అంతస్తు ఉన్న ఆ ఇంటికి నాలుగు అంతస్తులు గీశాను. హాలు ఒకటి, పడక గది ఒకటి, వంటిల్లు ఒకటి, దేవుడి గది ఒకటి. గడప దాటించి, అవతల నేల మీద అంటించిన గుర్తు దగ్గర దించి, ఫోన్లో ఆ అంతస్తు నొక్కితే చాలు. అదురూ బెదురూ లేకుండా పని చేసింది.

ఆ ఉపాయంతో కంభంలో, దోర్నాలలో, మార్కాపురంలో ఎన్నో ఇళ్లు సర్దాను. మా ఓనరు దానికి "రూతమ్మ పద్ధతి" అని పేరు పెట్టి, అందరికీ నేర్పించాడు. నాది కాదని నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. ప్రార్థనలో మాత్రం చెప్పుకున్నాను. అది చాలదని ఇప్పుడు తెలుసు.

సగం మనిషి

ఆ నాలుగు పటాలు గీసి వచ్చిన రెండో వారంలో ఎస్తేరమ్మ మార్కాపురం వచ్చింది. దుకాణం లోపలికి రాకుండా మెట్ల కింద నిలబడింది.

"అక్కా, మిషను బాగా చేస్తాంది గదా, ఇంక రావద్దన్నారు. నేను దాన్ని తిప్పేసినానని కూడా అన్నారు. నేను తాకలేదక్కా. నువ్వొక్క మాట చెప్పు. నువ్వు చెప్తే ఇంటారు."

మరుసటి రోజే గిద్దలూరు వెళ్లాను. దారి పొడుగునా ఒకటే అనుకున్నాను, ఎత్తింది ఎవరో చెప్పాలి, ఉపాయం ఎవరిదో చెప్పాలి అని. పద్మావతమ్మ కాఫీ ఇచ్చింది. నడుము నొప్పి ఎక్కువైందని చెప్పింది. మిషన్ని నాలుగుసార్లు ఎత్తి దించలేకపోతున్నానంది. దాని బ్రష్షుకు చుట్టుకున్న వెంట్రుకలు తీయాలంటే కడుపులో తిప్పుతోందంది. నాకు అక్కడ సులువైన దారి కనపడింది.

"అయితే ఎత్తడానికి మనిషి కావాలి కదమ్మా. ఎస్తేరమ్మను పెట్టుకోండి. ఆమెకు ఇల్లు తెలుసు."

పద్మావతమ్మ ఆలోచించింది. "నిజమే. కానీ ఊడ్చేది మిషను, తుడిచేది మిషను. ఎత్తి పెట్టేదానికి సగం జీతమిస్తా. వస్తాదేమో కనుక్కో."

వస్తుందని నేనే చెప్పాను. కనుక్కోలేదు. చెప్పాల్సిన రెండు మాటలూ కాఫీతో పాటు మింగి తిరిగొచ్చాను. పని నిలబెట్టానని బస్సులో దేవునికి స్తోత్రం కూడా చెప్పాను.

కొన్ని నెలల తర్వాత మిషను సర్వీసుకు ఆ ఇంటికి వెళ్లాను. ఎస్తేరమ్మ వంటింటి బయట గోడకు ఆనుకుని నిలబడి ఉంది. లోపల మిషను తిరుగుతోంది.

"ఏం చేస్తన్నావ్ చెల్లే?"

"ఏముందక్కా, కాసుకోనున్నా. అది ఎప్పుడు ఆగితే అప్పుడెత్తాల. గొడ్లను కాసినట్టే. కాకపోతే గొడ్లు పేరు పెట్టి పిల్చితే వస్తాయి."

చీపురు పట్టుకుని ఆమె ఆ ఇల్లంతా గంటలో ముగించేది. మిషను ఒక్కో గదిని రెండేసిసార్లు తిరుగుతుంది, ఉయ్యాల బల్ల కిందకని ఆమె చెబితే అన్ని గదులకూ అలా పెట్టింది నేనే. ఇప్పుడు మూడు గంటలు పడుతోంది. ఆలస్యమవుతోందని మిగతా రెండిళ్ల వాళ్లు వేరే మనిషిని పెట్టుకున్నారు. దేవుడి గది దగ్గర మిషన్ని గడప ఇవతల దించుతుంది. అక్కడి నుంచి పద్మావతమ్మ నడుము పట్టుకుంటూ వచ్చి లోపలికి తీసుకుపోతుంది. ఆ ఒక్క గడప దగ్గర ఆమెకు నడుము నొప్పి అడ్డు రాలేదు.

ఆ రోజు ఎవరికీ చెప్పకుండా ఫోన్లో రెండుసార్లు అన్నదాన్ని ఒకసారికి మార్చాను. ఎస్తేరమ్మకు మాత్రం చెవిలో చెప్పాను, "గంటన్నర ముందే పోవచ్చులే" అని. మిగతా ఇళ్లలో ఒకటన్నా తిరిగి దొరుకుతుందేమోనని ఆమె మొహం వెలిగింది. నిజంగానే ఒక ఇల్లు మళ్లీ పిలిచిందని తర్వాత కబురు పంపింది.

మీరు అడగాల్సినవి

కొత్తవాళ్లకు నేను చెప్పేది కొంచెమే. ఇంట్లోకి వెళ్లగానే, ఇప్పుడు ఈ ఇల్లు ఎవరు ఊడుస్తున్నారు అని అడగండి. ఆ మనిషికి తెలిసినంత మిషనుకు ఎప్పటికీ తెలియదు. మీకూ తెలియదు. కానీ ఆమె చెప్పింది తీసుకున్నాక ఆమె గతి ఏమవుతుందో కూడా ముందే ఆలోచించుకోండి. మీ చేత ఆ ఆలోచన చేయించే ఓనరు మీకు దొరకడు. మిషను తప్పు చేసినప్పుడు ఇంట్లో అందరికంటే చిన్న మనిషి మీదకు వేలు పోతుంది. ఆ వేలు వెనక మీ వేలు చేర్చకండి. నేను చేర్చాను.

చివరిది. నేను పని మానేయడానికి ఒక నెల ముందు పద్మావతమ్మ దుకాణానికి ఫోన్ చేసింది. ఓనరు ఫోను నా చేతికిచ్చి, పక్కనే నిలబడ్డాడు.

"రూతమ్మా, మిషను ముందు మాదిరి తుడవడం లేదు. ఉయ్యాల బల్ల కింద ఎంటికలు అట్లనే ఉంటన్నాయి. పాడైందేమో?"

బ్రష్షు అరిగిందని అనొచ్చు. పాతబడిందని అనొచ్చు. ఆ రెండు మాటలూ నాలుక చివర ఉన్నాయి. కానీ అబద్ధం ఆడకూడదని పెరిగినదాన్ని. ఎస్తేరమ్మ మీద నింద పడిన రోజు నోరు మూసుకున్నదాన్ని, ఈ రోజు నిజం చెప్పాను.

"ఒక్కసారే తిరిగేటట్టు ఉందమ్మా. మార్చుకోవచ్చు. ఫోను తెరవండి. గది పేరు మీద వేలు పెట్టండి. కింద ఒకటి అని కనపడుతోందా?"

"కనపడతాంది."

"దాని పక్కన రెండు ఉంటుంది. నొక్కండి. అన్ని గదులకూ అలాగే నొక్కండి."

చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యేట్టు చెబుతానని నాకు పేరు. పద్మావతమ్మ ఒక్కసారి కూడా తడబడలేదు. వెనక నుంచి ఎస్తేరమ్మ గొంతు వినపడింది. "ఎవురమ్మా, మార్కాపురం అక్కేనా? వందనాలు చెప్పమ్మా."

"ఎస్తేరు వందనాలు చెప్తాంది" అంది పద్మావతమ్మ.

"నేనూ చెప్పానని చెప్పండమ్మా" అన్నాను.

ఫోన్లో మిషను బయల్దేరిన చప్పుడు వినపడింది.